నష్టాల దుకాణం, నవ్వుల యజమాని

లండన్‌లో సోహో పేట మధ్యగా పోయే ఫ్రిత్ స్ట్రీట్ పెద్ద వీధేమీ కాదు. తాపీగా నడిచినా ఐదారు నిమిషాల్లో అయిపోతుంది. గోడల మీది ఫలకాలు చదువుకుంటూ నడిచేవాడికి మాత్రం ఓ సాయంత్రం చాలదు. 20వ నంబరు దగ్గర మొజార్ట్ ఫలకం ఉంది. 1764-65లో ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లవాడిగా తల్లిదండ్రులతో, అక్కతో ఇక్కడ అద్దెకున్నాడు. ఆనాటి ఇల్లు పోయింది, చిరునామా మిగిలింది. ఆ దగ్గర్లోదే 22వ నంబరు. కింద 1949 నుంచి నడుస్తున్న బార్ ఇటాలియా అనే కాఫీ హోటలు. పైన, 1926 జనవరి 26న జాన్ లోగీ బెయర్డ్ శాస్త్రవేత్తలను పిలిచి టెలివిజన్ ఆడించి చూపించిన చోటు. ఆ హోటలుకు ఎదురుగా, రోడ్డు అవతల, 47వ నంబరు. వెలిగే అక్షరాల్లో పేరు: రానీ స్కాట్స్. జాజ్ వినేవాళ్లకు ఇది తిరుపతి లాంటిదని అంటే ఎవరూ కాదనరు.

మొజార్ట్ తండ్రి లియోపోల్డ్ ఈ వీధిలో చేసిన పని ఒకటుంది. కొడుకు విద్యను చూడదలచినవారు మా బసకే రండి, మధ్యాహ్నం పూట, మనిషికి 5 షిల్లింగులు అని పత్రికలో ప్రకటన ఇచ్చాడు. కొన్నాళ్లకు కొత్తదనం తగ్గింది, జనం పలచబడ్డారు. ఆఖరికి కార్న్‌హిల్‌లోని ఓ సారాయి దుకాణంలో పిల్లల్ని కూర్చోబెట్టి రెండున్నర షిల్లింగులకే వినిపించాల్సి వచ్చింది. సంగీతానికి టికెట్టు పెట్టి బతకడం ఎంత కష్టమో ఈ వీధికి రెండున్నర శతాబ్దాల కిందటే తెలుసన్నమాట. ఆ కష్టాన్నే జోకులు చెప్పుకుంటూ దాదాపు నలభై ఏళ్లు మోసినవాడు రానీ స్కాట్. నేను వచ్చింది అతని కోసం.

లండన్‌లో మా తమ్ముడి కొడుకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. ఊళ్లో ఇన్నేళ్లున్నా ఆ గుమ్మం తొక్కలేదు. జాజ్ అంటే పెద్ద హోటళ్ల లిఫ్టుల్లో వినపడేదేగా అని వాడి అభిప్రాయం. “పెదనాన్నా, మీకు బకింగ్‌హామ్ ప్యాలెస్ చూపిస్తానంటే వద్దంటారు, బార్ చూపించమంటారు. నాన్నకి ఏం చెప్పమంటారు?” అన్నాడు. “సంగీతక్లబ్బుకి వెళ్లామని చెప్పు. అబద్ధం కాదుగా” అన్నాను.

క్లబ్బు పుట్టింది ఇక్కడ కాదు. అందుకని ముందు పాత చోటికే వెళ్లాం. లెస్టర్ స్క్వేర్ స్టేషన్లో దిగి నాలుగడుగులు వేస్తే జెరార్డ్ స్ట్రీట్. ఇప్పుడది చైనాటౌన్. అడ్డంగా వేలాడే ఎర్ర కాగితపు లాంతర్లు, అద్దాల వెనక వేలాడదీసిన కాల్చిన బాతులు, ఆవిర్లు కక్కే వెదురు బుట్టలు. ఆ వీధిలో 39వ నంబరు కింద ఒక సెల్లార్ ఉండేది. టాక్సీ డ్రైవర్లు వచ్చి టీ తాగి నడుం వాల్చే చోటు. 1959లో ఇద్దరు శాక్సోఫోన్ వాద్యగాళ్లు దాన్ని అద్దెకు తీసుకున్నారు. ఒకడు రానీ స్కాట్, ఇంకొకడు పీట్ కింగ్. పెట్టుబడి రానీ సవతి తండ్రి ఇచ్చిన 1000 పౌండ్ల అప్పు.

రానీ అసలు పేరు రోనల్డ్ షాట్. 1927 జనవరి 28న లండన్ తూర్పు వాడలోని ఆల్డ్‌గేట్‌లో యూదుల ఇంట పుట్టాడు. తండ్రి కూడా శాక్సోఫోన్ వాయించేవాడే, డాన్సు బ్యాండుల్లో. కాకపోతే సంసారం నిలవలేదు, పిల్లవాడి చిన్నప్పుడే తండ్రి విడిపోయాడు. కొడుక్కి తండ్రి సాంగత్యం దక్కలేదు గానీ వాద్యం దక్కింది. ఇరవై ఏళ్లు నిండకముందే టెడ్ హీత్ బ్యాండులో చేరాడు. ఆ రోజుల్లో బ్రిటన్‌లో అంతకన్నా పెద్ద బ్యాండు లేదు. అక్కడా నిలవలేదు.

నిలవకపోవడానికి కారణం అట్లాంటిక్ అవతల ఉంది. న్యూయార్క్‌లో 52వ వీధి క్లబ్బుల్లో చార్లీ పార్కర్, డిజీ గిలెస్పీ అనే ఇద్దరు జాజ్ నడకనే మార్చేస్తున్నారు. బీబాప్ అని పేరు. డాన్సు ఆడడానికి కుదరనంత వేగం, కూర్చుని చెవులు రిక్కించి వింటే తప్ప అందని మలుపులు. ఇక్కడి కుర్రాళ్లకు ఆ రికార్డులు దొరకడమే గగనం. విమానం టికెట్టు కలలో మాట. దాంతో ఓ ఉపాయం పన్నారు. క్వీన్ మేరీ వంటి ప్రయాణికుల ఓడల్లో బ్యాండు ఉద్యోగానికి కుదిరేవాళ్లు. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ దొరలకూ దొరసానులకూ వాల్ట్జులు వాయించాలి. ఓడ న్యూయార్క్ రేవులో ఆగిన ఆ ఒకటి రెండు రాత్రులు మాత్రం సొంతం. రేవు దిగీ దిగగానే 52వ వీధికి పరుగు. ఓడలకు మనుషుల్ని కుదిర్చే బ్యాండు నాయకుడు జెరాల్డో పేరు మీద ఈ కుర్రాళ్ల గుంపుకి ‘జెరాల్డో నౌకాదళం’ అని పేరు పడింది. రానీ అందులోవాడే.

అక్కడ అతను విన్నది సంగీతం ఒక్కటే కాదు, సంగీతం వినడానికే ఉన్న చోటు ఎలా ఉంటుందో చూశాడు. చిన్న గది, తక్కువ దీపాలు, వాయించేవాడి ఊపిరి వినపడేంత దగ్గరగా కుర్చీలు. అలాంటి గది లండన్‌లో కావాలనుకున్నాడు. 1948 డిసెంబరులో పదిమంది వాద్యగాళ్లు, ఒక మేనేజరు కలిసి గ్రేట్ విండ్‌మిల్ స్ట్రీట్‌లో ‘క్లబ్ ఎలెవన్’ పెట్టారు. పదకొండుమంది కనుక ఆ పేరు. తర్వాత కార్నబీ స్ట్రీట్‌కి మార్చారు. 1950 ఏప్రిల్‌లో మత్తుమందుల కోసం పోలీసులు దాడి చేయడంతో రానీ కూడా కోర్టు మెట్లెక్కాడు. కొద్ది నెలల్లోనే క్లబ్బు మూతపడింది.

తొమ్మిదేళ్ల తర్వాత, 1959 అక్టోబరు 30 శుక్రవారం రాత్రి, జెరార్డ్ స్ట్రీట్ సెల్లార్ తెరిచారు. మొదటి రాత్రి టబీ హేస్ క్వార్టెట్ వాయించింది. పత్రికలో ఇచ్చిన ప్రకటనలోనే రానీ వేళాకోళం మొదలైంది. పీటర్ కింగ్ అనే యువ శాక్సోఫోన్ విద్వాంసుడూ, రానీ స్కాట్ అనే ముసలి శాక్సోఫోన్ విద్వాంసుడూ వాయిస్తారని వేయించాడు. ఆ ముసలాయనకు అప్పటికి ముప్పై రెండేళ్లు. (ఆ పీటర్ కింగ్ వేరు, భాగస్వామి పీట్ కింగ్ వేరు. సోహోలో ఈ తికమక ఇప్పటికీ తీరలేదు.)

ఆ సెల్లార్ ఎక్కడుండేదో చూద్దామని 39వ నంబరు ముందు నిలబడ్డాం. పక్క హోటల్లోంచి వేయించిన వెల్లుల్లి వాసన. సెల్ఫీలు తీసుకునే జనం మా భుజాలు రాసుకుంటూ పోతున్నారు. “ఇక్కడేమీ లేదు కదా పెదనాన్నా” అన్నాడు మా వాడు. నిజమే, చూడడానికేమీ లేదు. కానీ ఇక్కడ జరిగిన ఒక బేరం తెలిస్తే నేల వైపు చూడకుండా ఉండలేం.

1935 నుంచి అమెరికన్ బ్యాండులను బ్రిటన్‌లో వాయించనిచ్చేవారు కాదు. మా వాళ్లకు అమెరికాలో అవకాశమివ్వనప్పుడు మీ వాళ్లకు ఇక్కడ ఎందుకివ్వాలని బ్రిటిష్ వాద్యగాళ్ల సంఘం పట్టుబట్టింది, కార్మిక శాఖ అనుమతులు ఆపేసింది. 1949లో సిడ్నీ బెషే వచ్చి వాయిస్తే, వాయింపజేసినవాళ్లకు జరిమానా పడింది. 1956లో బ్యాండుకు బ్యాండు మార్పిడి పద్ధతి వచ్చింది గానీ అది పెద్ద హాళ్లకే. ఓ చిన్న క్లబ్బులో అమెరికన్ వాద్యగాడు వారాల తరబడి కూర్చుని వాయించడమన్నది లేదు. పీట్ కింగ్ రెండు దేశాల సంఘాలతోనూ మాట్లాడాడు. ఇక్కణ్ణుంచి ఒకర్ని పంపుతాం, అక్కణ్ణుంచి ఒకర్ని ఇవ్వండి. మనిషికి మనిషి. 1961 నవంబరులో జూట్ సిమ్స్ నాలుగు వారాలకు లండన్ వచ్చాడు, టబీ హేస్ న్యూయార్క్‌లోని హాఫ్ నోట్ క్లబ్బుకి వెళ్లాడు.

అంతే, గట్టు తెగింది. జానీ గ్రిఫిన్, డెక్స్టర్ గోర్డన్, స్టాన్ గెట్జ్, బెన్ వెబ్‌స్టర్, బిల్ ఎవాన్స్. రికార్డు అట్టల మీద చూసిన మనుషులు టాక్సీవాళ్లు టీ తాగిన సెల్లార్లోకి దిగి వచ్చారు. అంధుడైన రోలాండ్ కర్క్ మూడు వాద్యాలు ఒకేసారి నోట్లో పెట్టుకుని వాయించాడు, అది చాలక ముక్కుతో వేణువు ఊదాడు. వీళ్లందరి పక్కనా రాత్రి తర్వాత రాత్రి పియానో వాయించినవాడు స్టాన్ ట్రేసీ అనే లండన్ మనిషి. ఒక్కో అతిథిది ఒక్కో తీరు, ఒక్కో తిక్క. అన్నింటికీ సర్దుకుంటూ ఆరేడేళ్లు కాళ్లూ చేతులూ అరగదీసుకున్నాడు. 1965లో సోనీ రోలిన్స్ వచ్చినప్పుడు, క్లబ్బు కట్టేశాక కూడా లోపలే ఉండి తెల్లవారేదాకా సాధన చేసుకునేవాడనీ, ఆల్ఫీ సినిమా సంగీతం అతని మనసులో ఆ చీకట్లోనే రూపుకట్టిందనీ చెప్పుకుంటారు.

1965 డిసెంబరులో చోటు చాలక ఫ్రిత్ స్ట్రీట్‌కి మారారు. ఇక్కడ రానీ చేసిన పని ఒకటి నాకు అన్నింటికన్నా నచ్చింది. జెరార్డ్ స్ట్రీట్ లీజు ఇంకా మిగిలే ఉంది. దాన్ని ఇంకెవరికో ఇచ్చి డబ్బు చేసుకోకుండా ‘ఓల్డ్ ప్లేస్’ అని పేరు పెట్టి పేరు రాని కుర్రాళ్లకు వదిలేశారు. మైక్ వెస్ట్‌బ్రూక్, జాన్ సర్మన్, దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పడలేక వచ్చేసిన క్రిస్ మెక్‌గ్రెగర్ వంటివాళ్లు అక్కడ చేతులు సవరించుకున్నారు. ఏడాదిన్నర పైచిలుకు నడిచింది. లాభం వస్తుందని దాన్ని ఎవరూ నడపలేదు.

మేం ఫ్రిత్ స్ట్రీట్ చేరేసరికి చీకటి పడింది. తలుపు దగ్గర పేరు చూసుకుని లోపలికి తీసుకెళ్లారు. వేదిక మోకాలెత్తు కూడా లేదు. దాని చుట్టూ మెట్లు మెట్లుగా బల్లలు, ప్రతి బల్ల మీదా ఎర్రటి చిన్న దీపం. గోడల నిండా నలుపు తెలుపు ఫొటోలు, వాయిస్తున్నవాళ్లవి, చెమటలు కారుతున్నవాళ్లవి. కిక్కిరిస్తే రెండొందల పైచిలుకు మంది పడతారు. మా బల్లకి అవతల కూర్చున్న ముసలి దంపతులు మమ్మల్ని చూసి తలాడించి, కుర్చీలు కాస్త జరిపారు.

ఈ వేదిక మీదే రానీ రోజూ నిలబడి జోకులు చెప్పేవాడు. మొహంలో నవ్వు జాడ ఉండదు, గొంతులో నీరసం. ఇక్కడికొస్తే మా ఇంటికొచ్చినట్టే ఉంటుందండీ, అంతా మురికి, నిండా ముక్కూమొహం తెలియనివాళ్లు అనేవాడు. భోజనం బాగుంటుంది, వెయ్యి ఈగలు పొరబడవు కదా అనేవాడు. ఆట ఎన్నింటికి మొదలని ఒకాయన ఫోన్ చేస్తే, మీరు ఎన్నింటికి రాగలరని అడిగామనేవాడు. జనం చప్పట్లు కొట్టకపోతే, అందరం చేతులు పట్టుకుందాం, బతికున్నవాళ్లతో మాట్లాడగలమేమో చూద్దాం అనేవాడు. స్టాన్ గెట్జ్ మహా వాద్యగాడు, అంతకన్నా మహా తిక్కమనిషి. అతను వెళ్లాక రానీకి నడుం పట్టేసింది. గెట్జ్ ముందు వంగి వంగి ఇలా అయిందని వేదిక మీదే ప్రకటించాడు.

ఏళ్ల తరబడి అవే జోకులు. బ్యాండువాళ్లకు కంఠతా వచ్చేశాయి. శ్రోతలు కూడా ఫలానా జోకు చెప్పలేదేమని అడిగేవాళ్లట. నాకనిపించేదేమిటంటే, ఆ జోకులన్నీ ఒకే సంగతి మీద. మురికి, ఈగలు, ఖాళీ కుర్చీలు, రాని జనం. దుకాణం నష్టాల్లో ఉందన్న మాటనే ఇన్ని రకాలుగా చెప్పాడు. మనం బాకీలవాడు గుమ్మంలోకి వస్తే మొహం చాటేస్తాం. అతను బాకీని వేదికెక్కించి పరిచయం చేశాడు.

ఆట మొదలైంది. టెనార్ శాక్సోఫోన్, పియానో, బేస్, డ్రమ్స్, నలుగురు. జాజ్ కచేరీ నడక తెలిస్తే వినడం తేలిక. ముందు అందరూ కలిసి ఒక పాట వరస వినిపిస్తారు. ఆ తర్వాత ఒక్కొక్కరూ వంతులవారీగా ఆ వరస కింది స్వరాల చట్రాన్ని పట్టుకుని అప్పటికప్పుడు కల్పించుకుంటూ పోతారు. ఆఖరున మళ్లీ అందరూ అసలు పాట దగ్గరికి చేరతారు. మన కచేరీల్లో మనోధర్మం అనే దానికే ఇక్కడ పెద్ద పీట. చట్రం మాత్రం ఎంత తిరిగినా తప్పకూడదు. మూడో పాటలో బేస్ వంతు వచ్చినప్పుడు శాక్సోఫోన్ మనిషి దీపం అంచుకి తప్పుకున్నాడు. మేం వేదిక పక్క బల్ల కనుక చేతికందేంత దూరంలో ఉన్నాడు. వాద్యం మూతికి బిగించిన రెల్లు పీలికను మరలు వదులు చేసి తీశాడు. వెలుతురుకి అడ్డంగా పెట్టి అంచు చూశాడు. బొటనవేలితో ఒకసారి తుడిచి, నాలుక మీద ఆనించుకుని తడిపి, వెంట్రుకవాసి కిందికి జరిపి మళ్లీ బిగించాడు. ఈ పనంతా చేస్తున్నా అతని ఎడమ పాదం బేస్ తాళాన్ని వదల్లేదు. పని పూర్తయి తలెత్తేసరికి సరిగ్గా అతని వంతు. ఊదాడు. ఇందాకటి బొంగురు పోయి స్వరం తేరుకుంది. మా వాడు నా మోచెయ్యి గిల్లి, “చూశారా?” అన్నాడు. లిఫ్టుల్లో వినపడేది కాదని వాడికి తెలిసిపోయింది.

వెనక బల్ల దగ్గర ఎవరో పెద్దగా మాట్లాడుతుంటే, క్లబ్బు మనిషి వంగి వచ్చి చెవిలో ఏదో చెప్పాడు. మాట ఆగిపోయింది. వడ్డించేవాళ్లు కూడా బల్లల మధ్య నడుం వంచే తిరుగుతారు, ఎవరి చూపుకీ అడ్డం రాకుండా. వాయించేవాడు పెట్టిన క్లబ్బుకీ, తాగించేవాడు పెట్టిన క్లబ్బుకీ తేడా ఇక్కడే తెలుస్తుంది.

ఈ గదిలో ఎవరు ఎవర్ని విన్నారో చెప్పుకుంటూ పోతే అదో వంశవృక్షం. 1968 వేసవిలో బిల్ ఎవాన్స్ త్రయం ఇక్కడ వాయిస్తున్నప్పుడు, అదే రాత్రి రెండో బ్యాండులో డేవ్ హాలండ్ అనే ఇంగ్లిష్ కుర్రాడు బేస్ వాయించాడు. శ్రోతల్లో ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఉన్నాడు. హాలండ్‌ను తన బ్యాండుకి రమ్మని కబురు పెట్టాడు. ఆ రాత్రి ఎవాన్స్ పక్కన డ్రమ్స్ వాయించిన జాక్ డిజోనెట్ కూడా తర్వాత మైల్స్ దగ్గరికే చేరాడు. 1969 మే 1న ద హూ అనే రాక్ బృందం తన టామీ ఆల్బమ్‌ను పత్రికలవాళ్లకు ఇక్కడే వినిపించింది. 1970 సెప్టెంబరు 16 రాత్రి జిమీ హెండ్రిక్స్ ఈ వేదిక ఎక్కి ఎరిక్ బర్డన్ బృందంతో గిటార్ వాయించాడు. మరో రెండు రోజులకు చనిపోయాడు, జనం ముందు అదే ఆఖరు. రానీ కూడా ఇతరుల రికార్డుల్లో పని దొరికితే వాయించి వచ్చేవాడు. బీటిల్స్ లేడీ మడోనా పాటలో వినిపించే శాక్సోఫోన్ అతనిదే.

ఈ వంశవృక్షంలో ఒక కొమ్మ పాలకొల్లు దాకా వచ్చింది. ఆ రోజుల సోహో క్లబ్బుల్లో గిటార్ వాయిస్తూ రోజులు వెళ్లదీసిన జాన్ మెక్‌లాఫ్లిన్ 1969 ఫిబ్రవరిలో న్యూయార్క్ వెళ్లాడు. ఫిబ్రవరి 18న మైల్స్ డేవిస్ రికార్డింగులో కూర్చున్నాడు. సరిగ్గా పది రోజులకు, ఫిబ్రవరి 28న, పాలకొల్లులో ఉప్పలపు శ్రీనివాస్ పుట్టాడు. అదే మన మాండలిన్ శ్రీనివాస్. మెక్‌లాఫ్లిన్ తర్వాత కర్ణాటక సంగీతం వైపు మళ్లడం, శక్తి బృందం కట్టడం, చాన్నాళ్లకు ‘రిమెంబర్ శక్తి’లో శ్రీనివాస్ మాండలిన్ అతని గిటార్ పక్కన చేరడం జరిగాయి. ఈ సంగతి చెబితే మా వాడు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. వాళ్లమ్మ గారి ఊరు పాలకొల్లు పక్కనే.

విరామంలో బిల్లు వచ్చింది. మా వాడు చూసి, నాకు కనపడకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

రానీ కాలంలో డబ్బు లెక్క చూసింది పీట్ కింగ్. అతనూ శాక్సోఫోన్ బాగానే వాయించేవాడు. క్లబ్బు కోసం వాద్యం పక్కన పెట్టేశాడు. తలుపు దగ్గర కూర్చుని టికెట్లు తెంపడం, సంఘాలతో బేరాలు, అప్పులవాళ్లకు సమాధానాలు, తాగి వచ్చిన విద్వాంసుల్ని లేపి వేదిక ఎక్కించడం, అన్నీ అతనే. రానీకి గుర్రప్పందాల వ్యసనం. క్లబ్బులో వచ్చింది పందెంలో పోయిన సందర్భాలున్నాయి. క్లబ్బు మూతపడుతుందన్న పుకారు పదేళ్లకోసారైనా లేచేది. ప్రతిసారీ పీట్ ఎక్కడో ఓ చోట తాడు పట్టుకుని లాగేవాడు. శ్రీరామనవమి పందిట్లో మైకు పట్టుకుని మాట్లాడే పెద్దమనిషిని ఊరంతా గుర్తుపెట్టుకుంటుంది. చందా పుస్తకం చంకలో పెట్టుకుని గడప గడపా ఎక్కినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు. పీట్‌ది ఆ రెండో వేషం. బోర్డు మీద కూడా పేరు రానీదే.

రానీ జోకుల వెనక మనిషి వేరు. ఎంతమంది మధ్య ఉన్నా నిస్పృహ పీడిస్తూనే ఉండేది, చికిత్సలు తీసుకున్నాడు. 1981లో ప్రభుత్వం ఓబీఈ బిరుదిచ్చింది. ఆఖరి రోజుల్లో పళ్లు దెబ్బతిని శస్త్రచికిత్స అయింది. శాక్సోఫోన్ ఊదేవాడికి పళ్లు పోతే సగం ప్రాణం పోయినట్టే, మళ్లీ మునుపటిలా వాయించలేకపోయాడు. 1996 డిసెంబరు 23న, అరవై తొమ్మిదేళ్ల వయసులో, ఇంట్లో చనిపోయాడు. పళ్ల చికిత్స కోసం రాసిచ్చిన మత్తుబిళ్లలు మోతాదు మించాయి. కరోనర్ దాన్ని ప్రమాదంగానే తేల్చాడు. తర్వాత తొమ్మిదేళ్లు పీట్ ఒక్కడే నెట్టుకొచ్చి, 2005లో నాటకశాలల యజమానురాలు శాలీ గ్రీన్‌కు అమ్మాడు. 2006లో మొత్తం బాగుచేసి మళ్లీ తెరిచారు. 2009 డిసెంబరులో పీట్ కూడా పోయాడు.

ఇప్పటి క్లబ్బు శుభ్రంగా ఉంది, భోజనం బాగుంది, ఒక్క ఈగ లేదు. సీట్లు ముందే అయిపోతాయి. రానీ జోకులన్నీ ఒక్క దెబ్బతో అబద్ధమయ్యాయి. దానికి విచారించడం దండగ. ఓ సంగీతశాల లాభంలో నడుస్తుంటే కళ్లలో నిప్పులు పోసుకోవడమెందుకు? కాకపోతే చుట్టూ చూస్తే నాలాంటి యాత్రికులు, పెళ్లిరోజు చేసుకుంటున్న జంటలు, కంపెనీ ఖర్చు మీద వచ్చినవాళ్లు. వాద్యం భుజాన వేసుకుని జేబులో చిల్లర లెక్కపెట్టుకునే కుర్రాడికి ఈ బల్ల దగ్గర చోటు దొరకడం కష్టం. ఓడలెక్కి 52వ వీధికి పరుగెత్తిన ఇరవై ఏళ్ల రానీ ఈవేళ ఇక్కడికొస్తే రోడ్డవతల బార్ ఇటాలియాలో కాఫీ తాగి వెళ్లిపోయేవాడేమో. మరి అలాంటి కుర్రాళ్లు ఇప్పుడు ఎక్కడ వాయిస్తున్నారని క్లబ్బులోనే ఒకర్ని అడిగితే, తూర్పుకి వెళ్లండి, డాల్‌స్టన్ అన్నాడు.

మర్నాడు రాత్రి వెళ్లాం. రైలు దిగితే టర్కీ వాళ్ల కబాబ్ కొట్లు, ఆఫ్రికా కూరగాయల అంగళ్లు, పక్కన చదునైన గిలెట్ స్క్వేర్. ఆ చౌకు పక్కన మేడ మీద వోర్టెక్స్ జాజ్ క్లబ్. దీన్ని మొదలుపెట్టిన డేవిడ్ మాస్మన్ లండన్ టాక్సీ డ్రైవరు. టాక్సీవాళ్ల టీ కొట్టు జాజ్ క్లబ్బయితే, ఇక్కడ టాక్సీవాడే జాజ్ క్లబ్బు పెట్టాడు. 1980ల్లో స్టోక్ న్యూయింగ్టన్‌లో మొదలై, 2005లో ఇక్కడికి చేరింది. ఆయన 2018లో పోయారు. ఇప్పుడు ఎక్కువ పని స్వచ్ఛందంగా వచ్చేవాళ్లే చేస్తారు, లాభం కోసం నడిచేది కాదు. ఆ రాత్రి టికెట్లు చూసినావిడే తర్వాత కుర్చీలు సర్దింది.

వేదిక మీద ఉన్నవాళ్లకు పాతికేళ్లు కూడా ఉండవు. ఇద్దరి పూర్వీకులు కరీబియన్ దీవుల వాళ్లు, ఒకమ్మాయి నైజీరియా కుటుంబం నుంచి. లండన్ జాజ్ ఇవాళ ఇలాంటి పిల్లల చేతుల్లో ఉంది. 1991లో గ్యారీ క్రాస్బీ, జనీన్ ఐరన్స్ పెట్టిన ‘టుమారోస్ వారియర్స్’ ఇలాంటి కుర్రాళ్లకు శిక్షణ ఇస్తూ వస్తోంది. అందులో కలుసుకున్న పిల్లలే ఎజ్రా కలెక్టివ్ అనే బృందం కట్టారు. 2023లో మెర్క్యురీ బహుమతి తెచ్చుకున్నారు. జాజ్ బృందానికి ఆ బహుమతి రావడం అదే మొదలు. రానీ స్కాట్స్ గోడల మీద ఫొటోలు చూసి వచ్చిన కళ్లకు ఇది వేరే లోకంలా ఉండాలి. కానీ ఎడమ పాదం తాళం వదలకపోవడం ఇక్కడా అదే.

రెండు రాత్రుల్లో నాకు అర్థమైంది ఇంతే. వినడానికే ఉన్న గదికి అద్దె ఎప్పుడూ టికెట్ల మీద రాదు. తక్కువ పడినది ఎవరో ఒకరు భరించాలి. జెరార్డ్ స్ట్రీట్‌లో సవతి తండ్రి అప్పూ పీట్ కింగ్ రాత్రులూ భరించాయి. డాల్‌స్టన్‌లో కుర్చీలు సర్దే ఆవిడ సాయంత్రాలు భరిస్తున్నాయి. ఫ్రిత్ స్ట్రీట్‌లో ఇప్పుడు మా వాడి జేబు భరించింది. రానీ గొప్పతనం ఆ లోటును దాచకుండా, సిగ్గుపడకుండా, దాన్నే రోజూ వినోదంగా పంచడం. నష్టం మీద నవ్విన యజమాని దగ్గరికి జనం మళ్లీ మళ్లీ వచ్చారు.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో మా వాడు చాలాసేపు ఫోన్లో ఏవో లెక్కలు వేసుకుని, “పెదనాన్నా, మన విజయవాడలో ఇలాంటిదొకటి పెడితే? చిన్నదే, వందమంది పట్టేది. వీణ, మాండలిన్, జాజ్, ఏదైనా సరే, కూర్చుని వినడానికే. జోకులు నేను చెబుతాను” అన్నాడు.

“పెట్టచ్చురా, జోకులు చెప్పేవాళ్లకు మనకేం కొదవ లేదు. ముందు పీట్ కింగ్‌ని వెతుక్కో” అన్నాను.